పాత ఇటాలియన్ మోటారు సైకిళ్లు: పోషణ, జీర్ణోద్ధరణ

రేడియో పెట్టె వెనుక మూత తీసి చూచినవారికి కండెన్సరు అనే చిన్న భాగం కొత్తది కాదు. విద్యుత్తును క్షణకాలం తనలో నిలుపుకొని తిరిగి విడిచిపెట్టడం దాని పని. ఇటలీ మోటారు సైకిళ్లలో లోకప్రసిద్ధి పొందిన డుకాటి సంస్థ ఈ కండెన్సరుతోనే పుట్టిందంటే పలువురికి ఆశ్చర్యం కలుగవచ్చు. నిస్తంత్రీ వార్తావిధానానికి పేరు తెచ్చిన మార్కోనీ 1874లో జన్మించినది బొలోన్యా నగరంలో. ఆ నగరంలోనే 1926లో డుకాటి కుటుంబంవారు రేడియో విడిభాగాల తయారీ ప్రారంభించారు. వారి తొలి సరుకు ‘మానెన్స్’ అనే కండెన్సరు. 1935లో నగర శివారునగల బోర్గో పనిగాలేలో పెద్ద కర్మాగారానికి పునాది వేశారు. 1944 అక్టోబరులో జరిగిన బాంబుదాడిలో అది ధ్వంసమైంది.

యుద్ధం ముగిసేసరికి ఇటలీ ప్రజలకు అన్నిటికంటె ముందు కావలసినది పనికి పోయి రావడానికి ఒక చౌక సాధనం. 1946లో డుకాటి కర్మాగారం మామూలు సైకిలుకు బిగించుకొనే 48 ఘన సెంటీమీటర్ల చిన్న ఇంజనును చేయడం మొదలుపెట్టింది. దాని పేరు ‘కుచ్చొలో’. ఇటాలియన్ భాషలో కుక్కపిల్ల అని అర్థం. ఇదే కాలంలో ఆ దేశంలో ఊరికొక మోటారు సైకిలు సంస్థ అన్నట్లుగా ఉండేది. కోమో సరస్సు ఒడ్డున మాండెల్లోలో 1921 నుంచీ మోటో గూట్సీ ఉన్నది. పెజారోలో బెనెల్లి, ఆర్కోరేలో జిలేరా, బొలోన్యాలోనే మోరీని, బ్రెగాంజేలో లావెర్దా ఉండేవి. 1950, 1960 దశకాలలోను, ఆ తరువాత కొంతకాలమూ ఈ కర్మాగారాలు చేసిన బండ్లను నేటికీ ఇళ్లలో నిలుపుకొని, ఆదివారాలలో నడుపుకొనేవారు ఇటలీలోను, ఇతర దేశాలలోను ఉన్నారు. అటువంటి బండిని పోషించడం ఎట్లు, శిథిలమైనదానిని ఉద్ధరించడం ఎట్లు, అందులో ఏది మార్చవచ్చు, ఏది మార్చరాదు అనే విషయాలను తెలుసుకొందాం. ఉదాహరణకు డుకాటివారి ఏక సిలిండరు బండ్లను తీసుకొందాం.

ఈ బండ్ల రూపశిల్పి ఫాబియో తల్యోనీ అనే ఇంజనీరు. ఆయన 1954లో డుకాటిలో చేరారు. ఆ రోజులలో ‘మోటో జీరో’ అని ఇటలీని చుట్టివచ్చే పందెం ఒకటి జరిగేది. 175 ఘన సెంటీమీటర్లు మించని చిన్న బండ్లు మామూలు రహదారులమీదనే, అనేక దినాలు, అనేక వందల కిలోమీటర్లు పరుగెత్తవలసిన పందెం అది. 1955లో తల్యోనీ నిర్మించిన 100 ఘన సెంటీమీటర్ల బండి తన తరగతిలో విజయం సాధించింది. ఆ నిర్మాణాన్నే పెంచి 1957లో 175 ఘన సెంటీమీటర్ల రోడ్డు బండిగా అమ్మకానికి తెచ్చారు. ఈ కుటుంబానికి చెందిన బండ్లు 250, 350, 450 ఘన సెంటీమీటర్ల దాకా పెరిగి 1974 వరకు తయారైనవి. పందెం కోసం పుట్టిన ఇంజను ఇంటి బండిలోనికి వచ్చింది. వాటి అందమూ, వాటితో వచ్చే ఇబ్బందీ కూడా ఇందులోనే ఉన్నవి.

ఇంజను తలలో రెండు కవాటాలు, అనగా వాల్వులు ఉంటవి. ఒకటి పెట్రోలు ఆవిరిని లోపలికి రానిస్తుంది, రెండవది కాలిన పొగను బయటికి పోనిస్తుంది. వీటిని వేళకు తెరిచేది కామ్ అనే గుడ్డు ఆకారపు ఇరుసు. సాధారణమైన బండ్లలో ఆ కాలాన కామ్‌ను ఇంజను అడుగున పెట్టి, పొడవాటి కడ్డీలతో పైనున్న వాల్వులను తోయించేవారు. తల్యోనీ కామ్‌ను వాల్వుల సమీపానికే తీసుకొనిపోయి, క్రిందినుంచి ఒక నిలువు ఇరుసును పంపి, రెండు కొనలయందు వాలు పళ్ల చక్రాలను అమర్చారు. ఈ నిలువు ఇరుసును కప్పిన గొట్టం ఇంజను కుడివైపున బయటికి కనిపిస్తుంది. ఎరిగినవారు దూరంనుంచే దానినిబట్టి బండిని గుర్తిస్తారు.

ఈ పళ్ల చక్రాలు ఒకదానితో ఒకటి ఎంత దగ్గరగా కలియవలెనో నిర్ణయించేవి పలుచని ఉక్కు బిళ్లలు. వాటి మందంలో తేడా మిల్లీమీటరులో పదవ వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువ. బిళ్ల మందమైతే పళ్లు ఒరుసుకొని అరుగుతవి. పలుచనైతే గలగల శబ్దం పుడుతుంది. చక్రాలమీద చిన్న చుక్కలు ఉంటవి. విప్పినవాడు తిరిగి బిగించేటప్పుడు ఆ చుక్కలను ఎదురెదురుగా నిలిపితేనే వాల్వులు వేళకు తెరుచుకొంటవి. లేకున్న పిస్టను పైకి వచ్చి వాల్వును ఢీకొనవచ్చు. అందుచేత ఈ ఇంజనును విప్పడానికి పానా పట్టడం వస్తే చాలదు, కొలవడం రావలెను.

1968లో డుకాటి ఇంకొక విశేషాన్ని రోడ్డు బండిలో ప్రవేశపెట్టింది. వాల్వును తెరిచేది కామ్ అయినా, దానిని మూసేది సాధారణంగా స్ప్రింగు. స్ప్రింగు బిగించిన తలుపును మనం తోస్తే తెరుచుకొంటుంది, వదిలితే తనంతట మూసుకొంటుంది. కాని క్షణానికి పలుమార్లు తోస్తే స్ప్రింగు వెనుకబడి, తలుపు సరిగా మూసుకొనదు. వేగం హెచ్చినప్పుడు వాల్వుకూ ఇదే అవస్థ. ఒక కామ్ తెరిచేటందుకు, మరొక కామ్ మూసేటందుకు ఏర్పాటు చేస్తే ఈ చిక్కు తీరుతుంది. దీనిని ‘డెస్మోడ్రోమిక్’ పద్ధతి అంటారు. బంధం, పరుగు అనే అర్థాలుగల రెండు గ్రీకు మాటల కలయిక అది. ఈ రకం బండి ఉన్నవారికి సర్దవలసిన సందుల సంఖ్య రెట్టింపవుతుంది. మూసేవైపు సందునూ కొలవవలసి ఉంటుంది.

ఇక నిత్యపోషణ సంగతి. నేటి బండిలో మీట నొక్కితే ఇంజను లేస్తుంది. ఈ పాత బండిని లేపడం ఒక క్రమమైన పని. ముందుగా నూనె మట్టం చూడవలెను. పెట్రోలు కుళాయి తెరవవలెను. డెల్లోర్తో కార్బురేటరుపైనున్న చిన్న పుల్లను వేలితో నొక్కి పట్టితే పెట్రోలు కాస్త పొంగుతుంది. చల్లని ఇంజనుకు ఆ చిక్కని ఆహారం కావలెను. తరువాత కిక్కు కొట్టడం. ఇంజను లేచిన వెంటనే పరుగు పెట్టించరాదు. నూనె వేడెక్కి పై ఇరుసుదాకా చేరేవరకు ఓపిక పట్టవలెను. తిరిగి వచ్చిన తరువాత పెట్రోలు కుళాయి మూయడం మరువరాదు. కుళాయి తెరిచి వదిలితే రాత్రికి రాత్రి పెట్రోలు కారి ఇంజనులోనికి దిగి నూనెను పలుచన చేయవచ్చు.

నడిపేవారికి మరొక హెచ్చరిక. నేటి బండ్లలో ఎడమ కాలు గేరుకు, కుడి కాలు బ్రేకుకు. ఆనాటి ఇటాలియన్ బండ్లలో అనేకం దీనికి తలక్రిందులు. మన దేశంలో పాత బుల్లెట్ నడిపినవారికి ఇది తెలిసిన సంగతే. ప్రమాదం ఎదురైనప్పుడు ఆలోచనకు వ్యవధి ఉండదు. కాలు అలవాటైన వైపే పోతుంది. కనుక చాలకాలం తరువాత బండి తీసినవారు జనసమ్మర్దంలేని దారిలో కొంతసేపు కాలికి అలవాటు చేసికొనిన పిమ్మటనే బజారులోనికి రావలెను.

పోషణలో అన్నిటికంటె ముఖ్యమైనది నూనె. ఈ ఇంజనులో నేటి బండ్లకున్న కాగితపు వడపోత లేదు. ఒక తీగె జల్లెడ మాత్రమే ఉన్నది. పెద్ద నలుసులను అది ఆపుతుంది. సన్నని లోహపు పొడి, మసి దానినుంచి జారిపోతవి. ఆ పొడిని పట్టుకొనడానికి ఇంజనులో ఒక యుక్తి చేశారు. గిరగిర తిరిగే క్రాంకు షాఫ్టు లోపల బోలుగా ఉన్న ఒక చిన్న గది గుండా నూనె పోతుంది. తిరిగే వేగానికి బరువైన మడ్డి గది అంచుకు విసరబడి అక్కడ పేరుకొంటుంది, తేటనూనె బేరింగుకు చేరుతుంది. పెరుగు చిలికినప్పుడు వెన్న వేరుపడినట్లు ఇక్కడ మడ్డి వేరుపడుతుంది. అయితే ఆ గదిని శుభ్రం చేయవలెనంటే ఇంజనును పూర్తిగా విప్పవలసిందే. గది నిండిపోతే నూనె దారి మూసుకొని, కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉన్న బేరింగు ఎండిపోయి నాశనమవుతుంది.

పాత బండి కొనేవారు తరచుగా మోసపోయేది ఇక్కడనే. పైన రంగు అద్దంవలె మెరుస్తూ ఉంటుంది, పొగగొట్టానికి కొత్త క్రోమియం పూత ఉంటుంది, గది మాత్రం అరవై ఏండ్ల మడ్డితో నిండి ఉంటుంది. అట్టి బండి కొన్ని వందల కిలోమీటర్లు చక్కగా నడిచి, ఒకనాడు దారిలో శబ్దం చేసి ఆగిపోవచ్చు. కనుక బండిని చూపించి ‘ఇది ఉద్ధరించినది’ అన్నవారిని అడగవలసిన మొదటి ప్రశ్న రంగును గురించి కాదు. క్రాంకు షాఫ్టును విప్పి మడ్డి తీశారా, తీస్తే అందుకు ఛాయాచిత్రాలున్నవా అని అడగవలెను. విప్పి శుభ్రపరచిన తరువాత నూనెను తరచుగా మార్చుతూ ఉంటే ఆ గది ఏండ్ల తరబడి నిండదు.

రెండవది విద్యుత్తు. మొదట చెప్పిన కండెన్సరు ఇక్కడ మళ్లీ వస్తుంది. ఇంజనులో పాయింట్లు అనే రెండు లోహపు మొనలు కలిసి విడిపోతూ ఉంటవి. అవి విడిపోయిన క్షణంలో కాయిలులోని విద్యుత్ప్రవాహం హఠాత్తుగా తెగి, స్పార్కు ప్లగ్గువద్ద కొన్ని వేల వోల్టుల నిప్పురవ్వ పుడుతుంది. కాని విడిపోయే మొనల మధ్య కూడా ప్రవాహం దూకడానికి ప్రయత్నిస్తుంది. కండెన్సరు దానిని ఆ క్షణంలో తనలోనికి తీసుకొని, మొనలు కాలకుండా కాపాడుతుంది. అది బలహీనపడితే పాయింట్లు నల్లబడి గుంటలు పడుతవి. బండి చల్లగా ఉన్నప్పుడు లేచి, వేడెక్కిన తరువాత ఆగిపోతుంది. అనేకులు కార్బురేటరును అనుమానించి దానిని పదిమార్లు విప్పుతారు. చౌకయైన కండెన్సరును ముందు మార్చి చూడడం తెలివి. పాయింట్ల మధ్య ఎడం 0.3 మొదలు 0.4 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. దీనిని కంటితో అంచనా వేయరాదు, ఫీలర్ గేజితో కొలవవలెను.

బండి వీధిలో లేచినప్పుడు ఇంటిలో రేడియో గరగరలాడడానికి కారణం కూడా ఆ నిప్పురవ్వయే. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో తరంగాన్ని వెదజల్లుతుంది. ప్లగ్గు టోపీలో నిరోధకం ఉన్న రకాన్ని తొడిగితే ఇది చాలవరకు అణగుతుంది. ఇరుగుపొరుగు శ్రోతలమీద దయగలవారు దీనిని పాటించవలెను.

మూడవది నేటి పెట్రోలు. ఐరోపాలో పెట్రోలులో పది శాతం వరకు, మన దేశంలో 2025 నాటికి ఇరవై శాతం వరకు ఇథనాలు కలపడం జరుగుతున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను, వాషర్లను మెత్తబరచి చెడగొడుతుంది. 1970 దశకపు డుకాటి 750 రకాలలో కొన్నింటికి గాజునార టాంకులుండేవి. వాటి గోడలు ఈ ఇంధనానికి ఉబ్బి వంకరపోతవి. అందుచేత రబ్బరు భాగాలన్నింటిని ఇథనాలుకు తట్టుకొనే కొత్తవాటితో మార్చడం, బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు కార్బురేటరులోని పెట్రోలును తీసివేయడం అవసరం.

జీర్ణోద్ధరణ ఇంతకంటె పెద్ద పని. శిథిలమైన బండి ఇంటికి రాగానే పానా పట్టుకొనరాదు. మొదట ఇంజను సంఖ్యను, చట్రం సంఖ్యను కాగితాలతో సరిచూడవలెను. తరువాత అన్ని వైపులనుంచీ ఛాయాచిత్రాలు తీయవలెను. తీగ ఏ రంధ్రంగుండా పోయినది, ఏ మర పొడవు, ఏది పొట్టి అనేది ఆరునెలల తరువాత ఎవరికీ జ్ఞాపకం ఉండదు. విప్పిన ప్రతి భాగాన్ని పేరు వ్రాసిన సంచిలో ఉంచవలెను. పగిలినదైనా సరే, కొత్తది వచ్చి అమరేవరకు పారవేయరాదు. అల్యూమినియంలో బిగిసిన ఉక్కు మరను సుత్తితో కొట్టి తీయబోతే దానితోపాటు అల్యూమినియం గాడులు ఊడివస్తవి. వేడి చేస్తే అల్యూమినియం ఉక్కుకంటె ఎక్కువగా వ్యాకోచించి పట్టు వదులుతుంది. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని గాలిపంపుతో గాని ఊదరాదు; తడిగుడ్డతో తుడిచి తీయవలెను.

ఇంతదాకా వచ్చిన తరువాత ప్రతి యజమానికీ ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. రంగును ఏమి చేయవలెను? మన ఊళ్లలో పాత దేవాలయాలకు జీర్ణోద్ధరణ పేరుతో సున్నాలు, రంగులు పూయడం, ఇసుకతో రుద్దించడం చూస్తూనే ఉన్నాము. పని ముగిసేసరికి గుడి కొత్తదివలె ఉంటుంది. గోడమీది శాసనం మాత్రం చదువరాకుండా పోతుంది. మోటారు సైకిలు విషయంలోనూ ఇటువంటి నష్టమే జరుగుతుంది. కర్మాగారంలో వేసిన రంగు, టాంకుమీద యజమాని మోకాళ్లు రాసుకొని అరిగిన చోటు, ఏనాటిదో పందెపు సంఖ్య జాడ – ఇవన్నీ ఆ బండి చరిత్రకు సాక్ష్యాలు. ఒకమారు గీకివేసిన తరువాత ఎంత ధనం ఇచ్చినా అవి తిరిగి రావు. ఇటలీవారు ఈ భేదాన్ని రెండు మాటలలో చెబుతారు: ఉన్నది ఉన్నట్లు నిలిపినది ‘కొన్సెర్వాతో’, తిరిగి చేసినది ‘రెస్తౌరాతో’. ఒకప్పుడు మెరిసే బండికే గౌరవం ఉండేది. ఇటీవలి కాలంలో అరిగినా అసలు రంగుతో ఉన్న బండిని ఆదరించేవారు పెరిగారు.

ఇక్కడ ఒక సులభమైన నియమం పెట్టుకొనవచ్చు. ప్రాణరక్షణకు సంబంధించినవి – టైర్లు, బ్రేకు పట్టీలు, తీగలు, చక్రాల చువ్వలు, బేరింగులు, పెట్రోలు గొట్టాలు – వీటిమీద మమకారం పనికిరాదు. సందేహం కలిగితే మార్చవలసినదే. పాత టైరుకు గాడులు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడి తడిదారిమీద జారుతుంది. చరిత్రను చెప్పేవి – రంగు, బిరుదు బిళ్లలు, ఆసనపు తోలు, మరల తలలు – వీటిని సాధ్యమైనంతవరకు శుభ్రం చేసి, తుప్పు ముందుకు పోకుండా మైనమో నూనెయో పూసి, ఉంచివేయవలెను. పూర్తిగా తుప్పు తిన్న టాంకుకు కొత్త రంగు తప్పదు. అప్పుడైనా ఒక మూల పాత రంగును ఉంచడమో, ఛాయాచిత్రంతోపాటు ఏ రంగు, ఏ తేదీన వేసినదీ వ్రాసి పెట్టడమో చేయవలెను. తరువాత ఆ బండి చేపట్టేవారికి అది మనం చేసే ఉపకారం.

విడిభాగాల కోసం ఇటలీలో ‘మోస్త్రా స్కాంబియో’ అనే సంతలు జరుగుతవి. ఈమోలా పందెపు మైదానంలో ప్రతి ఏటా జరిగేది, మిలాను సమీపాన నొవేగ్రోలో జరిగేవి ప్రసిద్ధం. నేలమీద పట్టాలు పరచి, తుప్పు పట్టిన కార్బురేటర్లు, దీపాల కళ్లాలు, పాత కరపత్రాలు రాశులు పోసి అమ్ముతారు. బండి యథార్థతను ధ్రువపరచడానికి 1966లో ఏర్పడిన ‘ఆజి’ అనే జాతీయ సంస్థ ఉన్నది. మోటారు సైకిళ్ల సమాఖ్య చారిత్రక పట్టిక కూడా ఉన్నది. పొగ చిమ్మే పాత బండ్లను నగరాలలోనికి రానీయని నిబంధనలు పెరుగుతున్న ఈ రోజులలో ఇట్టి ధ్రువపత్రానికి విలువ హెచ్చింది.

మోటో జీరో సంగతి పైన చెప్పినాము. 1957 మే నెలలో మిల్లే మిల్యా అనే కార్ల పందెంలో ఘోర ప్రమాదం జరిగి ప్రేక్షకులు కూడా మరణించినందున ఇటలీలో రహదారి పందేలు నిలిచిపోయినవి. దానితో మోటో జీరో కూడా ఆగింది. 2001లో దానిని పాత బండ్ల యాత్రగా మళ్లీ ప్రారంభించారు. అందులో వేగానికి కాక, నిర్ణీత సమయానికి గమ్యం చేరే క్రమశిక్షణకు బహుమతి. అర్ధశతాబ్దం దాటిన యంత్రాలు కొండదారులెక్కి దిగడం చూడడానికి ఊళ్లకు ఊళ్లు వీధిలోనికి వస్తవి.

కాని ఈ యంత్రాలకు రానున్న కొరత విడిభాగాలది కాదు. భాగాలను కొత్తగా పోతపోయవచ్చు. పళ్ల చక్రాల మధ్య బిళ్లను వేలితో తడిమి, శబ్దం విని, తేడా చెప్పగల ముసలి మేస్త్రీలు తగ్గిపోతున్నారు. వారి విద్య పుస్తకాలలో పూర్తిగా లేదు. అందుచేత వివేకంగల యజమానులు బండిని మేస్త్రీకి అప్పగించి వెళ్లిపోక, పక్కన కూర్చుండి చూచి, వ్రాసుకొని, యువకులను వెంటబెట్టుకొని పోతున్నారు. ఒక ఇంజనును విప్పి బిగించిన క్రమాన్ని శ్రద్ధగా వ్రాసిపెట్టిన నోటుపుస్తకం కొత్త క్రోమియం పూతకంటె ఎక్కువకాలం పనికివస్తుంది.

మన ఇళ్లకు ఇటలీ చక్రం ఎక్కువగా స్కూటరు రూపంలో వచ్చింది. వెస్పా, లాంబ్రెట్టా అనే ఇటలీ స్కూటర్లు మన దేశంలో లైసెన్సుపై తయారైనవి. 1972లో లాంబ్రెట్టా యంత్రసామగ్రినే లక్నోలోని స్కూటర్స్ ఇండియా సంస్థ కొన్నది. నాన్నగారో తాతగారో నడిపిన అటువంటి స్కూటరు వసారాలో గోనె కప్పుకొని ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నవి. అవి పెట్రోలులో నూనె కలిపి పోసే రెండు దెబ్బల ఇంజన్లు. డుకాటి ఇంజను నిర్మాణం వేరు. అయినా పాయింట్లు, కండెన్సరు, ఎండిన రబ్బరు, గట్టిపడిన టైరు, తుప్పు, పాత రంగు – వీటి సంగతి ఒక్కటే. అట్టి బండిని లేపదలచినవారు కిక్కు కొట్టడానికి ముందు టాంకులోని పాత పెట్రోలు తీసివేయవలెను. ప్లగ్గు విప్పి సిలిండరులో నాలుగు చుక్కల నూనె పోసి ఒక రాత్రి ఉంచవలెను. బ్రేకులు, తీగలు, టైర్లు సరిచూచుకొనవలెను. రంగు వేయించే మాట మాత్రం చిట్టచివరకు వాయిదా వేసికొనవలెను. బండి నడిచిన తరువాత ఆ పాత రంగే చక్కగా ఉన్నదని ఇంటివారికి తోచవచ్చు.